ఒక్క గోల్ తేడా: క్రీడాభిమాని మనసులో ఏం జరుగుతుంది?

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• మైదానంలో ఆడని అభిమాని, జట్టు గెలుపును తన గెలుపుగా ఎందుకు భావిస్తాడో వివరించగలుగుతారు.
• స్వల్ప తేడాతో వచ్చిన గెలుపు, భారీ గెలుపు కన్నా ఎక్కువ ఉద్వేగాన్ని ఎందుకు కలిగిస్తుందో చెప్పగలుగుతారు.
• అభిమానం మన చూపునూ తీర్పునూ ఎట్లా మారుస్తుందో ఉదాహరణలతో చర్చించగలుగుతారు.
• ఒక్క గోల్ తేడా రెండు జట్ల శక్తిని గురించి ఏం చెబుతుందో, ఏం చెప్పదో అంచనా వేయగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

1970వ దశకం చివర నేను కరీంనగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. ఒక చలికాలం సాయంత్రం మా కాలేజీకీ, ఆదిలాబాద్ జిల్లా నుంచి వచ్చిన మరో కాలేజీకీ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. మా ప్రాంతంలో కబడ్డీకీ వాలీబాల్‌కూ ఉన్నంత ఆదరణ ఫుట్‌బాల్‌కు ఎన్నడూ లేదు. నాకైతే ఆఫ్‌సైడ్ నియమం కూడా సరిగా తెలియదు. మిత్రులు పిలిస్తే వెళ్లి గట్టు మీద కూర్చున్నాను.

ఆట ముగియడానికి రెండు మూడు నిమిషాలుందనగా మా జట్టు 2-1 ఆధిక్యంలో ఉంది. అప్పుడు అవతలి జట్టుకు పెనాల్టీ కిక్ దొరికింది. కొట్టడానికి వచ్చిన కుర్రాడు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. అతను కొట్టిన బంతిని మా గోల్‌కీపర్ కుడివైపు దూకి ఆపాడు. కాసేపటికి విజిల్ మోగింది. ఆ తరువాత ఏం చేశానో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. గట్టు మీది నుంచి దూకాను. "గెలిచినం రా, గెలిచినం!" అని గొంతు పోయేదాకా అరిచాను. అంతకుముందు ఒక్కసారి కూడా మాట్లాడని గోల్‌కీపర్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నవారిలో నేనూ ఉన్నాను.

అక్కడితో ఆగలేదు. పెనాల్టీ పోగొట్టిన కుర్రాడు మైదానంలోనే కూలబడ్డాడు. మేం అతనికి ఒక పేరు పెట్టాం. ఖాళీ డబ్బాలు వాయిస్తూ ఆ పేరు పెట్టి పిలుస్తూ వాళ్ల జట్టు వెంట బస్టాండు దాకా నడిచాం.

ఆ సాయంత్రంలో మూడు ప్రశ్నలున్నాయి. బంతిని ఒక్కసారి కూడా తన్నని నేను "గెలిచినం" అని ఎందుకన్నాను? ఒక్క గోల్ తేడా నన్ను అంతగా ఎందుకు ఊపేసింది? ఆ ఉత్సాహం ఎదుటివాణ్ణి అవమానించే దాకా ఎందుకు వెళ్లింది? ఈ భాగంలో సామాజిక మనోవిజ్ఞానం సహాయంతో వీటికి సమాధానాలు వెదుకుదాం.

2. ఆడింది వాళ్లు, గెలిచింది మనం

2.1 సామాజిక గుర్తింపు

మనం మనల్ని రెండు రకాలుగా గుర్తుపట్టుకుంటాం. ఒకటి వ్యక్తిగా: నా పేరు, నా చదువు, నా స్వభావం. రెండవది సమూహంలో సభ్యుడిగా: మా ఊరు, మా కాలేజీ, మా భాష. ఈ రెండవదాన్ని సామాజిక గుర్తింపు అంటారు. ఈ సిద్ధాంతానికి పునాది వేసినవాడు హెన్రీ తాజ్‌ఫెల్.

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 14, 15 ఏళ్ల బడి పిల్లలతో తాజ్‌ఫెల్ చేసిన ప్రయోగాలు 1970లో ప్రచురితమయ్యాయి. తెర మీద చుక్కలు చూపి ఎన్ని ఉన్నాయో అంచనా వేయమన్నారు. మరోసారి ఇద్దరు చిత్రకారుల బొమ్మల్లో ఏవి నచ్చాయో అడిగారు. దాని ప్రకారమే విడదీస్తున్నామని చెప్పి పిల్లలను రెండు గుంపులు చేశారు. నిజానికి ఆ విభజన యాదృచ్ఛికం. తమ గుంపులో ఎవరున్నారో కూడా పిల్లలకు తెలియదు. అయినా ఇతరులకు డబ్బు పంచమంటే తమ గుంపువారికే ఎక్కువ ఇచ్చారు. ఎదుటి గుంపు కన్నా తమ గుంపు పైన ఉండడం కోసం, తమవారికి వచ్చే మొత్తం కొంత తగ్గినా ఒప్పుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి.

చుక్కల లెక్కతో ఏర్పడిన గుంపే ఇంత చేయగలిగితే, మూడేళ్లు చదివిన కాలేజీ, పుట్టి పెరిగిన జిల్లా ఇంకెంత చేయగలవో ఊహించండి. ఆ రోజు నాకు ఫుట్‌బాల్ తెలియకపోవడం అడ్డు కాలేదు. మైదానంలో నా కాలేజీ పేరు ఉంది, అది చాలు.

2.2 ప్రతిఫలిత కీర్తి

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్‌కు విపరీతమైన ఆదరణ ఉంది. అది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. రాబర్ట్ చాల్దీని, ఆయన సహచరులు ఏడు విశ్వవిద్యాలయాల్లో దాని అభిమానులను పరిశీలించి 1976లో ఫలితాలు ప్రచురించారు. అక్కడ మ్యాచ్‌లు సాధారణంగా శనివారం జరుగుతాయి. సోమవారం తరగతిలో ఎంతమంది విద్యార్థులు తమ విశ్వవిద్యాలయం పేరో గుర్తో ఉన్న దుస్తులు వేసుకొచ్చారో లెక్కపెట్టారు. జట్టు గెలిచిన వారం ఆ సంఖ్య పెరిగింది.

అదే పరిశోధనలో మరో ప్రయోగం ఉంది. విద్యార్థులకు ఫోన్ చేసి కొన్ని ప్రశ్నలు అడిగి, కొందరికి "బాగా చేశారు" అనీ, మరికొందరికి "సరిగా చేయలేదు" అనీ చెప్పారు. ఆ తరువాత తమ జట్టు ఆడిన ఒక మ్యాచ్‌ గురించి అడిగారు. గెలిచిన మ్యాచ్‌ను చెప్పేటప్పుడు "మనం" అనే మాట ఎక్కువగా వచ్చింది. ఓడిన మ్యాచ్‌కు అది తగ్గింది. ఈ తేడా "సరిగా చేయలేదు" అనిపించుకున్నవారిలో మరీ స్పష్టంగా కనిపించింది. సొంత లెక్కలో లోటు పడినప్పుడు మనిషి సమూహం గెలుపుతో దాన్ని పూడ్చుకోవడానికి చూస్తాడన్నమాట.

దీనినే ప్రతిఫలిత కీర్తిని అనుభవించడం అంటారు. చలికాలం పొద్దున వాకిట్లో కూర్చుని ఎండ కాగుతాం. ఎండ మనది కాదు, వెచ్చదనం మాత్రం మనదే. అభిమాని స్థితి కూడా ఇటువంటిదే.

2.3 తెలుగులో 'మనం', 'మేం'

చాల్దీని కొలమానం ఒక సర్వనామం. ఇంగ్లీషులో దానికి ఒకే రూపం. తెలుగులో రెండున్నాయి. వినేవారిని కలుపుకుంటే 'మనం', కలుపుకోకపోతే 'మేం'. ఆ సాయంత్రం నా పక్కవాడితో "మనం గెలిచినం" అన్నాను. అవతలి జట్టు వైపు తిరిగి "మేం గెలిచినం" అన్నాను. ఒకే క్రియ, ఒకే గెలుపు. మొదటి వాక్యం వినేవాణ్ణి లోపలికి పిలుస్తుంది, రెండవది బయట నిలబెడుతుంది. సర్వనామం వదిలేసినా తెలుగు క్రియే ఆ పని చేస్తుంది. గెలిస్తే "గెలిచినం", ఓడితే "మనోళ్లు ఓడిపోయిన్రు". ఓటమి రాగానే ఉత్తమ పురుష ప్రథమ పురుషగా మారిపోవడం గమనించండి. ఓడిన సమూహానికి దూరం జరగాలనే ఈ ధోరణిని కూడా 1980లలో మనోవైజ్ఞానికులు ప్రయోగాల ద్వారా చూపారు.

మీ ప్రగతిని తెలుసుకోండి - 1
అ) తాజ్‌ఫెల్ ప్రయోగంలో గుంపులను ఏ ప్రాతిపదికన చేశారు? ఫలితం ఏమిటి?
ఆ) 'మనం', 'మేం' భేదం అభిమాని ప్రవర్తనను అర్థం చేసుకోవడానికి ఎట్లా ఉపయోగపడుతుంది?

3. స్వల్ప తేడా అంతగా ఎందుకు కదిలిస్తుంది?

3.1 'జరిగి ఉంటే' అనే ఆలోచన

మా జట్టు 6-0తో గెలిచి ఉంటే నేను చప్పట్లు కొట్టి హాస్టల్‌కు వెళ్లిపోయేవాణ్ణి. అప్పుడు ఓటమి గురించిన ఊహకే తావు లేదు. 2-1లో మాత్రం మరో ముగింపు కళ్ల ముందే నిలబడింది. బంతి జానెడు పక్కకు వెళ్లి ఉంటే? గోల్‌కీపర్ ఎడమవైపు దూకి ఉంటే? జరిగినదాన్ని జరగబోయి తప్పిపోయినదానితో పోల్చుకోవడాన్ని కౌంటర్‌ఫ్యాక్చువల్ ఆలోచన అంటారు. తప్పిపోయిన ఫలితం ఎంత దగ్గరగా ఉంటే ఉద్వేగం అంత తీవ్రంగా ఉంటుంది.

ఇది మీకు కొత్త అనుభవమేమీ కాదు. పాస్ మార్కు మీద ఒక్క మార్కు ఎక్కువ వచ్చినవాడు, ఇరవై మార్కులు ఎక్కువ వచ్చినవాడి కన్నా గట్టిగా ఊపిరి పీల్చుకుంటాడు. ఒక్క మార్కుతో తప్పినవాడు, ఇరవై మార్కులతో తప్పినవాడి కన్నా ఎక్కువ కుమిలిపోతాడు.

1992 బార్సిలోనా ఒలింపిక్స్ క్రీడాకారుల ముఖకవళికలను పరిశీలించిన ఒక అధ్యయనం 1995లో వెలువడింది. రజతం వచ్చినవారి కన్నా కాంస్యం వచ్చినవారే ఎక్కువ సంతోషంగా కనిపించారు. రెండవ స్థానంలో ఉన్నవారు తప్పిపోయిన స్వర్ణాన్ని చూస్తారు. మూడవ స్థానంలో ఉన్నవారు తప్పిన ఖాళీ చేతులను చూస్తారు. సంతోషాన్ని నిర్ణయించేది ఫలితం ఒక్కటే కాదు, దాని పక్కన మనం ఏ ఊహను పెట్టి చూస్తున్నామన్నది కూడా.

3.2 శరీరం స్పందన

ఉద్వేగం మాటల్లోనే ఉండదు. 1994 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ఫైనల్‌లో బ్రెజిల్, ఇటలీ ఒక్క గోల్ కూడా చేయలేకపోయాయి. పెనాల్టీ కిక్‌లలో బ్రెజిల్ 3-2తో గెలిచింది. ఆ మ్యాచ్ చూస్తున్న రెండు జట్ల పురుష అభిమానుల లాలాజలాన్ని ఆటకు ముందూ తరువాతా పరీక్షించారు. బ్రెజిల్ అభిమానుల్లో టెస్టోస్టిరాన్ హార్మోన్ పెరిగింది, ఇటలీ అభిమానుల్లో తగ్గింది. పరీక్షించినది కొద్దిమందినే కాబట్టి దీన్ని సూచనగా తీసుకోవాలి, తిరుగులేని నిర్ధారణగా కాదు.

ఇంతకన్నా పెద్ద ఆధారం జర్మనీలోని మ్యూనిక్ ప్రాంతం నుంచి వచ్చింది. 2006 ప్రపంచ కప్‌లో జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో అక్కడ గుండె సంబంధమైన అత్యవసర కేసులు మామూలు రోజుల కన్నా 2.66 రెట్లు నమోదయ్యాయని 2008లో వైద్యులు ప్రకటించారు. అర్జెంటీనా మీద పెనాల్టీ కిక్‌లతో గట్టెక్కిన రోజు జర్మనీ గెలిచింది. అయినా ఆ రోజు కూడా కేసులు బాగా పెరిగాయి. అంటే శరీరాన్ని వేధించేది ఓటమి ఒక్కటే కాదు, చివరి క్షణం దాకా తేలని ఉత్కంఠ కూడా. ఇంట్లో గుండె జబ్బు ఉన్న పెద్దలుంటే ఈ విషయం గుర్తుంచుకోవాలి.

4. ఒకే ఆట, రెండు చూపులు

ఆ పెనాల్టీ కిక్‌ను రిఫరీ అన్యాయంగా ఇచ్చాడని మేమందరం ఆ రాత్రి ఏకగ్రీవంగా తీర్మానించాం. అంతకుముందు మా రెండవ గోల్‌కు దారితీసిన ఫ్రీ కిక్ సరైనదా అని ఒక్కరం కూడా అడగలేదు.

దీన్ని వివరించే ప్రసిద్ధ పరిశోధన కూడా కాలేజీ ఫుట్‌బాల్ నుంచే వచ్చింది. 1951 నవంబర్‌లో అమెరికాలోని ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ జట్ల మధ్య చాలా మొరటు మ్యాచ్ ఒకటి జరిగింది. ప్రిన్స్‌టన్ ప్రధాన ఆటగాడి ముక్కు విరిగింది, డార్ట్‌మత్ ఆటగాడొకరి కాలు విరిగింది. హాస్టార్ఫ్, క్యాంట్రిల్ అనే మనోవైజ్ఞానికులు ఆ మ్యాచ్ ఫిల్మును రెండు చోట్లా విద్యార్థులకు చూపి, నియమోల్లంఘనలు లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మత్ విద్యార్థులకు తమ జట్టులో సగటున 4.3 తప్పులు కనిపించాయి. అదే ఫిల్ములో అదే జట్టు చేసిన తప్పులు ప్రిన్స్‌టన్ విద్యార్థులకు 9.8 కనిపించాయి. ఈ అధ్యయనం 1954లో వెలువడింది.

ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. అభిమాని ముందు చూసి తరువాత పక్షం వహించడు. పక్షం వహించిన కళ్లతోనే చూస్తాడు. ఈ తేడాను మనం గుర్తుంచుకుంటే టీ కొట్టు దగ్గర జరిగే సగం తగాదాలు చల్లబడతాయి.

గెలుపు తరువాత జ్ఞాపకం కూడా మారుతుంది. పెనాల్టీ కిక్‌కు ముందు నేను కళ్లు మూసుకున్నాను. మర్నాడు మాత్రం "మనోడు ఆపుతాడని నాకు ముందే తెలుసు" అన్నాను. ఫలితం తెలిశాక అది ముందే తెలిసినట్లు అనిపించడాన్ని పశ్చాద్దృష్టి దోషం అంటారు. దీనిపై బరూచ్ ఫిష్‌హాఫ్ 1975లో చేసిన పరిశోధన పేరుపొందింది.

మీ ప్రగతిని తెలుసుకోండి - 2
అ) రజతం కన్నా కాంస్యం ఎక్కువ సంతోషం ఇవ్వడానికి కారణం ఏమిటి?
ఆ) ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ విద్యార్థులు ఒకే ఫిల్మును వేరువేరుగా ఎందుకు చూశారు?

5. ఒక్క గోల్ ఏం చెబుతుంది?

ఒక్క గోల్ తేడాతో గెలిచాం కాబట్టి మనమే మేలైన జట్టు అనవచ్చా? దీనికి మన హైదరాబాద్‌తో ముడిపడిన ఉదాహరణే ఉంది.

హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడిగా ఉన్న కాలంలో ఆసియా క్రీడల్లో రెండు స్వర్ణాలు వచ్చాయి. 1951లో ఢిల్లీలో ఇరాన్ మీద 1-0, 1962లో జకార్తాలో దక్షిణ కొరియా మీద 2-1. రెండూ ఒక్క గోల్ గెలుపులే. జకార్తా జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, హైదరాబాద్ ఆటగాడు యూసుఫ్ ఖాన్ ఉన్నారు. ఫైనల్‌లో పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ గోల్స్ చేశారు. చివరి నిమిషాల్లో కొరియా ఒక గోల్ తిరిగి ఇచ్చింది. ప్రేక్షకులు భారత్‌కు ప్రతికూలంగా ఉన్నారు. తలకు గాయమై కుట్లు పడ్డ జర్నైల్ సింగ్, తన మామూలు స్థానమైన రక్షణ వరుసను వదిలి దాడి వరుసలో ఆడాడు. రహీం 1963లో కేన్సర్‌తో మరణించారు.

ఇది ఘనమైన గెలుపు. అయితే అదే పోటీల మొదటి మ్యాచ్‌లో భారత్ ఇదే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయింది. కొద్ది రోజుల తేడాతో అవే రెండు జట్లు రెండు రకాల ఫలితాలు చూశాయి. మొదటి మ్యాచ్ చూసినవారు ఒక తీర్పు, ఫైనల్ ఒక్కటే చూసినవారు మరో తీర్పు ఇస్తారు.

కారణం ఆట స్వభావంలోనే ఉంది. ఫుట్‌బాల్‌లో గోల్స్ తక్కువ. తొంభై నిమిషాల్లో రెండో మూడో పడితే, వాటిలో ఒకటి గాలివాటంగా వచ్చినా ఫలితం తారుమారవుతుంది. కబడ్డీలో ఒక మ్యాచ్‌లో పదుల కొద్దీ పాయింట్లు వస్తాయి కాబట్టి ఒక పొరపాటు సర్దుకోవడానికి అవకాశం ఉంటుంది. అక్కడ కూడా చివరి కూతలో వేలికొస తగిలి వచ్చిన ఒక్క పాయింటు గెలుపు అదృష్టానికి దగ్గరగానే ఉంటుంది. నాణేన్ని ఒక్కసారి వేసి బొమ్మ పడిందని ఆ నాణెం స్వభావాన్ని చెప్పలేం. చాలాసార్లు వేయాలి. అందుకే లీగ్ పోటీల్లో అన్ని జట్లూ అనేకసార్లు ఆడతాయి.

స్వల్ప తేడా గెలుపు విలువ లేనిదని దీని అర్థం కాదు. కప్పు గెలిచినవారిదే. కానీ 'గెలిచాం' అన్నది జరిగిన విషయం, 'వాళ్లు పనికిరానివాళ్లు' అన్నది మనం కలుపుకున్న మాట. మొదటిదాని నుంచి రెండవది రాదు.

6. గెలిచిన అభిమాని బాధ్యత

సుమారు ఇరవై ఏళ్ల తరువాత ఒక స్పాట్ వాల్యుయేషన్ శిబిరంలో నా పక్క బల్ల దగ్గర ఒక అధ్యాపకుడు కూర్చున్నారు. సన్నగా, పొడుగ్గా ఉన్నారు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుకుని మాట్లాడుకుంటుంటే చదువుల ప్రస్తావన వచ్చింది. ఆ పెనాల్టీ కొట్టింది ఆయనే. నేను వెంటనే చెప్పలేకపోయాను. రెండవ రోజు టీ తాగుతూ, "సార్, ఆనాడు డబ్బాలు కొట్టినవాళ్లల్ల నేను కూడా ఉన్న" అన్నాను.

ఆయన నవ్వారు. కాసేపాగి, "ఓడిపోయినందుకు నాకేం బాధ లేదు సార్. ఆటన్నంక ఒకలు ఓడుడే గదా. బస్టాండ్ దాకా వచ్చిన్రు చూడండి, అది మరిచిపోలేదు. మల్ల బంతి ముట్టలేదు" అన్నారు.

నేను క్షమాపణ అడిగాను. ఆయన నా చేయి పట్టుకున్నారు. కానీ ఆ కుర్రాడు ఆడకుండా పోయిన సంవత్సరాలు తిరిగి రావు.

ఆ 1994 ఫైనల్‌లో చివరి కిక్‌ను గోల్ పైనుంచి కొట్టింది రాబర్టో బాజ్జో. ఇటలీ ఓటమి అనగానే అందరికీ ఆయనే గుర్తొస్తాడు. నిజానికి అంతకుముందే మరో ఇద్దరు ఇటలీ ఆటగాళ్లు కిక్‌లు పోగొట్టారు. బాజ్జో గోల్ చేసినా బ్రెజిల్‌కు ఇంకో కిక్ మిగిలే ఉంది. పైగా నాకౌట్ దశలో ఐదు గోల్స్ చేసి ఇటలీని ఫైనల్‌కు చేర్చింది ఆయనే. అయినా చివరి క్షణంలో కనిపించిన మనిషి మీదే మొత్తం భారం పడింది. జట్టు ఓటమిని ఒక్కడి తల మీద పెట్టడం ఓడిన అభిమానికి ఓదార్పు, గెలిచిన అభిమానికి వినోదం. రెండు వైపులా నష్టపోయేది ఆ ఒక్కడే.

ఇప్పటిదాకా చూసిన మూడు అంశాలను కలిపితే ఆ సాయంత్రం అర్థమవుతుంది. సామాజిక గుర్తింపు నన్ను జట్టులో కలిపింది. తప్పిపోయిన ఓటమి ఉద్వేగాన్ని పెంచింది. పక్షం వహించిన చూపు ఎదుటివాణ్ణి మనిషిగా కాక 'వాళ్లు'గా చూపింది. మొదటి రెండింటిలో తప్పేమీ లేదు. ఊరంతా ఒక్క గొంతుతో అరిచే ఆనందం మనుషులను దగ్గర చేస్తుంది. మూడవదాని దగ్గరే ఆగాలి. 'మేం' అన్న మాటలో బయట నిలబెట్టిన మనిషిని, ఆట అయిపోయాక మళ్లీ 'మనం'లోకి పిలవగలగాలి. వెళ్లి చేయి కలపడం అందుకు సరిపోతుంది.

7. సారాంశం

అభిమాని తన సామాజిక గుర్తింపు ద్వారా జట్టు గెలుపులో భాగం పొందుతాడు. గెలిచినప్పుడు 'మనం' అనీ, ఓడినప్పుడు 'వాళ్లు' అనీ అనడం ఈ అనుబంధానికి కొలమానం. ఓటమి ఎంత దగ్గరగా వచ్చి తప్పితే గెలుపు అంత తీవ్రంగా అనిపిస్తుంది. ఆ తీవ్రతలో రిఫరీ నిర్ణయాలూ, మన జ్ఞాపకాలూ, ఎదుటి జట్టు విలువా వక్రంగా కనిపిస్తాయి. ఒక్క గోల్ తేడా విజేతను నిర్ణయిస్తుంది కాని రెండు జట్ల శక్తిని పూర్తిగా చెప్పదు.

అభ్యాసకృత్యం

మీ ఊళ్లో లేదా టీవీలో జరిగే ఒక కబడ్డీ, క్రికెట్ లేదా ఫుట్‌బాల్ మ్యాచ్ తరువాత పదిమంది అభిమానుల మాటలు వినండి. 'మనం', 'మేం', 'మనోళ్లు', 'వాళ్లు' అనే మాటలు ఎన్నిసార్లు వచ్చాయో గెలుపుకూ ఓటమికీ వేరువేరుగా రాసుకోండి. చాల్దీని ఫలితాలతో పోల్చి ఒక పేజీ నివేదిక తయారు చేయండి. మీ సొంత మాటలను కూడా లెక్కలో చేర్చండి.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. క్రీడాభిమానాన్ని సామాజిక గుర్తింపు సిద్ధాంతం ఆధారంగా వివరించండి.
2. స్వల్ప తేడా గెలుపు అభిమాని ఉద్వేగంపైనా తీర్పుపైనా చూపే ప్రభావాన్ని ఉదాహరణలతో చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ప్రతిఫలిత కీర్తి
2. పశ్చాద్దృష్టి దోషం
3. 1962 ఆసియా క్రీడల ఉదాహరణ ద్వారా ఒక్క మ్యాచ్ ఫలితం పరిమితులను తెలపండి.